వ్యాను తోలే మనవాళ్ళకు నాలుగు మాటలు

(డిసెంబరు 20, 2020 ఆదివారం సాయంత్రం ఫోన్ మీటింగులో చెప్పిన మాటల పాఠం. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం పెడుతున్నాం.)



క్రిస్మస్ ముందు వారం ఇది. మీలో చాలామందికి ఈ ఆదివారం కూడా సెలవు లేదని తెలుసు, అందుకే సాగదీయను. మూడు సంగతులు చెప్తాను. పనిలో జబ్బు అంటకుండా ఎలా చూసుకోవాలి, అంటితే ఏం చెయ్యాలి, చట్టంలో మనకి ఏముంది. మూడోదాంట్లో ఒక హక్కు ఈ నెల 31తో ముగుస్తుంది. ఇంకా పదకొండు రోజులే ఉంది. మధ్యలో ఆపకుండా ఆఖరిదాకా చదవండి.

మొదటి సంగతి: జబ్బు ఎక్కడ అంటుతుంది

మార్చిలో అందరం అట్టపెట్టెలకి భయపడ్డాం. అట్ట మీద 24 గంటలు, ప్లాస్టిక్ మీద 72 గంటలు వైరస్ కనబడిందని వార్తలొచ్చాయి. అది ప్రయోగశాలలో తీసిన లెక్క. జబ్బు ముఖ్యంగా వచ్చేది మనిషి ఊపిరి నుంచి మనిషికి అని తర్వాత తేలింది. గాలి ఆడని మూసిన చోట ఆరడుగుల అవతల ఉన్నా అంటుకోవచ్చని అక్టోబరు 5న సీడీసీ కూడా ఒప్పుకుంది. కాబట్టి పెట్టెలు తుడుస్తూ కూర్చోవద్దు. గాలి గురించి, గుంపు గురించి ఆలోచించండి.

మన పనిలో గుంపు ఉండే చోట్లు నాలుగే. పొద్దున సరుకు ఎక్కించే స్టేషను, ఇద్దరు కూర్చున్న వ్యాను, ఆర్డరు కోసం నిలబడే హోటలు లోపలి భాగం, రాత్రి మనం పడుకునే అపార్ట్‌మెంటు. కస్టమరు గుమ్మం దగ్గర మనం ఉండేది అర నిమిషం. ఈ నాలుగు చోట్ల గంటలు గడుపుతాం.

స్టేషనులో మీ వ్యాను దగ్గరే నిలబడండి. కబుర్లు ఫోనులో చెప్పుకోవచ్చు. కొత్తవాళ్ళకి పని నేర్పడానికి పక్కన కూర్చోబెడితే ఇద్దరూ మాస్కు తియ్యకండి. చలి అయినా రెండు వైపులా అద్దాలు రెండు వేళ్ళంత దించండి. హీటరు వేసుకోండి గానీ లోపలి గాలినే తిప్పే బటను నొక్కకండి, బయటి గాలి రానివ్వండి. తినేటప్పుడే మాస్కు తీస్తాం కాబట్టి అన్నం డబ్బా ఒక్కరే ఉన్నప్పుడు తెరవండి. వ్యాను చేతులు మారితే స్టీరింగు, గేరు, తలుపు పిడి, స్కానరు ఒకసారి తుడవండి. హోటలు లోపల రద్దీగా ఉంటే బయటే నిలబడి ఫోన్ చెయ్యండి.

చేతులు కడుక్కోవడానికి చోటే లేదని అందరూ అంటున్నారు. నిజమే. ఈ ఏడాది హోటళ్ళు, లైబ్రరీలు, పార్కుల బాత్రూములు ఎన్నో మూసేశారు. ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా, సబ్బుముక్క వ్యానులో పెట్టుకోండి. శానిటైజరు కొంటే 60 శాతం ఆల్కహాలు ఉందో లేదో చూసి కొనండి. వెళ్ళే దారిలో తెరిచి ఉన్న బాత్రూముల పేర్లు గ్రూపులో పెట్టండి, తలా ఒకటి పెట్టినా పెద్ద జాబితా అవుతుంది. బాటిల్‌లో పోసుకోవాల్సిన గతి మనకి పట్టకూడదు. తిరుగుతూ పనిచేసేవాళ్ళు దగ్గర్లోని టాయిలెట్‌కి వెళ్ళిరావడానికి యజమాని వీలివ్వాలని ఓషా నిబంధనల్లోనే ఉంది.

ఇంకో మాట. ఈ వారమే 2019 సంవత్సరపు లెక్కలు వచ్చాయి. ఆ ఏడాది అమెరికాలో పనిలో చనిపోయినవాళ్ళు 5,333 మంది. అందులో ట్రక్కులు, డెలివరీ బళ్ళు నడిపేవాళ్ళే 1,005 మంది. అది కరోనా రాకముందు మాట. కరోనాకి జాగ్రత్తపడి, ఆలస్యమైందని మంచు మీద పరిగెత్తించకండి. సీటుబెల్టు ప్రతి స్టాపుకీ పెట్టుకోవడం చాదస్తం కాదు.

రెండో సంగతి: జబ్బు చేస్తే

ఇంటినుంచి తెచ్చుకున్న డోలో మాత్ర వేసుకుని, స్టేషనులో టెంపరేచర్ చూసేటప్పటికి జ్వరం దించుకుని, డ్యూటీకి పోతున్నవాళ్ళు ఉన్నారు. ఎందుకు పోతున్నారో నాకు తెలుసు. అద్దె ఉంది, ఊళ్ళో అప్పు ఉంది. కానీ ఆ మాత్ర జ్వరాన్ని దాస్తుంది, జబ్బుని ఆపదు. మీరు పక్కన కూర్చున్న మనిషికి, గదిలో ఉన్న మిగతా నలుగురికి అంటిస్తారు. ఆ నలుగురూ ఒకేసారి పడిపోతే వండిపెట్టేవాళ్ళు ఉండరు, అద్దె కట్టేవాళ్ళూ ఉండరు.

డోలో, టైలినాల్ రెండూ ఒకటే మందు. డేక్విల్, నైక్విల్‌లో కూడా అదే ఉంటుంది. మూడూ కలిపి మింగితే లివరు పాడవుతుంది. రోజు మొత్తంలో 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. కషాయం తాగండి, తప్పు లేదు. కానీ అది టెస్టుకి బదులు కాదు.

లక్షణాలు మొదలైన రోజు నుంచి కనీసం పది రోజులు, మందు వేసుకోకుండా జ్వరం లేని 24 గంటలు గడిచేదాకా, విడిగా ఉండాలి. విడి గది లేకపోతే హాల్లో కిటికీ పక్కన ఒకరిని పెట్టి, మిగతావాళ్ళు మాస్కు పెట్టుకోండి. ఆక్సీమీటరు గదికి ఒకటి అందరూ కలిసి కొనండి. 94 కంటే కిందికి దిగితే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి తగ్గకపోయినా, మనిషి తికమకగా మాట్లాడినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 911. బిల్లు సంగతి బతికాక చూసుకుందాం.

కరోనా టెస్టు, వైద్యం, టీకా తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందని ఒక మెసేజ్ తిరుగుతోంది. అది అబద్ధం. పబ్లిక్ చార్జ్ కింద వాటిని లెక్కపెట్టం అని ఇమిగ్రేషన్ శాఖే మార్చిలో ప్రకటించింది. టీకాలు ఈ 14న మొదలయ్యాయి. ముందు ఆస్పత్రి సిబ్బందికి, వృద్ధాశ్రమాలకి వేస్తున్నారు. మన వంతు వచ్చినప్పుడు వెనక్కి పోకండి.

మూడో సంగతి: చట్టం

ముందు మీరెవరో తెలుసుకోండి. జీతం చెక్కు ఇచ్చి, ఏడాది చివర డబ్ల్యూ-2 కాగితం ఇస్తే మీరు ఉద్యోగి. అమెజాన్ బొమ్మ ఉన్న వ్యాను తోలుతున్నా, మీ యజమాని సాధారణంగా మధ్యలో ఉన్న కాంట్రాక్టు కంపెనీయే. ఫ్లెక్స్, డోర్‌డాష్, ఊబర్ ఈట్స్ లాంటివాటికి సొంత కారుతో చేసి 1099 తీసుకుంటే కంపెనీ మిమ్మల్ని స్వతంత్ర కాంట్రాక్టరు అంటుంది. అక్టోబరులో అమెజాన్ తన ఉద్యోగుల్లో 19,816 మందికి కరోనా వచ్చిందని లెక్క చెప్పింది. అది సొంత ఉద్యోగుల లెక్క. మధ్య కంపెనీల డ్రైవర్లు, ఫ్లెక్స్ వాళ్ళు సొంత ఉద్యోగులు కారు. మన లెక్క మనమే చూసుకోవాలి.

ఉద్యోగులకి: 500 కంటే తక్కువమంది ఉన్న కంపెనీ అయితే ఫ్యామిలీస్ ఫస్ట్ చట్టం కింద 80 గంటల జీతంతో సెలవు ఇవ్వాలి. మధ్య కాంట్రాక్టు కంపెనీలు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. మీకు లక్షణాలుండి టెస్టుకి వెళ్తున్నా, డాక్టరు ఇంట్లో ఉండమన్నా, పూర్తి జీతం, రోజుకి 511 డాలర్ల వరకు. పార్ట్‌టైమ్ వాళ్ళకి రెండు వారాల్లో మామూలుగా చేసే గంటలన్నీ. నాకు ఫోన్ చేసిన ఒక తమ్ముడితో మేనేజరు, “చేరి నెలే కదా, నీకు రాదు” అన్నాడట. తప్పు. ఈ సెలవుకి చేరిన మొదటి రోజు నుంచే హక్కుంది. పైగా ఆ డబ్బు యజమానికి పన్నులో తిరిగి వస్తుంది, ఆయన జేబులోంచి పోదు. ఈ చట్టం డిసెంబరు 31 వరకే. పొడిగిస్తారేమో అని కూర్చోకండి. అవసరం ఉన్నవాళ్ళు ఈ వారమే మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే లేబర్ శాఖ వేతనాల విభాగం 1-866-487-9243కి ఫోన్ చెయ్యండి. “తెలుగు” అని చెప్తే దుబాసీని లైనులోకి తెస్తారు.

భద్రత లేదని ఫిర్యాదు చెయ్యాలంటే ఓషా 1-800-321-6742. మీ పేరు యజమానికి చెప్పొద్దని అడగొచ్చు. ఫిర్యాదు చేసినందుకు పనిలోంచి తీసేస్తే 30 రోజుల్లోపు ఓషాకి చెప్పాలి. ముప్పై ఒకటో రోజు వెళ్తే ఆలస్యమైపోతుంది.

ఒక్కరే వెళ్ళకండి. మార్చి 30న స్టాటెన్ ఐలాండ్ అమెజాన్ గోడౌనులో జాగ్రత్తలు చాలవని కొందరు బయటికి నడిచారు. వాళ్ళని నడిపించిన క్రిస్టియన్ స్మాల్స్‌ని అదే రోజు తీసేశారు. క్వారంటైన్ తప్పాడని కంపెనీ అంది, నోరెత్తినందుకే అని ఆయన అన్నాడు. చూసి భయపడమని కాదు చెప్పేది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు కలిసి పని పరిస్థితుల గురించి అడగడాన్ని జాతీయ కార్మిక సంబంధాల చట్టం కాపాడుతుంది. కాబట్టి కలిసి అడగండి, తేదీ వేసి రాయండి, ఫోటో తీసి ఉంచండి.

1099 వాళ్ళకి ఈ రక్షణలు చాలావరకు లేవు. అది అన్యాయమే. అయినా కొన్ని దారులున్నాయి. ఊబర్, డోర్‌డాష్, ఇన్‌స్టాకార్ట్ మార్చిలోనే రెండు వారాల వరకు సాయం ప్రకటించాయి, దానికి డాక్టరు కాగితమో టెస్టు కాగితమో కావాలి. జబ్బుతో పని పోయిన రోజులకి పన్ను రిటర్నులో ఫారం 7202 ద్వారా కొంత వస్తుంది. మామూలు కారు ఇన్సూరెన్సు చాలావాటిలో డెలివరీ పనికి వర్తించదు, మీ పాలసీ ఒకసారి చూసుకోండి.

చివరగా, వేరేవాళ్ళ అకౌంటు మీద తోలుతున్న పిల్లలకి. ఎఫ్-1 మీద వచ్చి అనుమతి లేకుండా ఈ పని చేస్తే వీసాకే ప్రమాదం, అది మీకూ తెలుసు. యాక్సిడెంటు అయితే ఆ అకౌంటులో ఉన్న పేరు మీది కాదు, ఇన్సూరెన్సు మీకు రాదు. తిట్టడానికి చెప్పడం లేదు. ఫీజుకి, తిండికి ఇబ్బంది ఉంటే గ్రూపు పెద్దలకి విడిగా మెసేజ్ పెట్టండి, పేరు బయటికి రాదు. జబ్బు చేస్తే మాత్రం కాగితాలు గుర్తొచ్చి ఆస్పత్రికి ఆగిపోవద్దు. ఎమర్జెన్సీలో వీసా చూసి వైద్యం ఆపడానికి చట్టం ఒప్పుకోదు.

పార్శిల్ రేపైనా చేరుతుంది. మీరు మాత్రం ఈ రాత్రి ఇంటికి చేరాలి. ఇది మీ గదిలో అందరికీ చదివి వినిపించండి, ఆ రెండు ఫోన్ నంబర్లు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ఉంటానండి.