గుట్టమీది సేద్యము
(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



యాదవవంశ ప్రాశస్త్యమును గూర్చి మాటలాడుమని సంఘమువారు నన్ను కోరిరి. శ్రీకృష్ణుని మొదలు దేవగిరి రాజుల వఱకు ప్రతి సంవత్సరము ఈ వేదికమీద వినుచునే యున్నాము. నేడు నేను పాలకీడు ప్రాంతమున గుట్టమీద బ్రతికిన ఇద్దఱు నిరక్షరాస్యులను గూర్చి చెప్పెదను. వారు మా తాత, నాయనమ్మ.

మాది సున్నపురాతి నేల. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియుటను తాత పలుమారులు చూచివచ్చెను గాని, ఆ రెండు నదులలో నొక చుక్కయైన ఆయన చెలకకు ఎక్కి రాలేదు. నాలుగెకరములు, అందు జొన్న, సజ్జ, నడుమ కంది సాళ్లు, గట్టున ఆముదము. ఏరిన రాళ్లతో పేర్చిన గోడయే చేనికి కంచె, గొఱ్ఱెలదొడ్డికి ప్రహరి. వాన తప్పిన యేట మంద యాదుకొనెడిది. వేసవిలో క్రింది రైతుల చేలలో రాత్రులు మందను నిలిపిన గింజలు కొలిచెడివారు. ఎరువు వారికి, గింజలు మాకు.

నాయనమ్మ కోడికూతకు ముందే లేచి విసురురాయి త్రిప్పెడిది. నీళ్లకై గుట్ట దిగి, నిండుకడవ చంకనెత్తుకొని యెక్కెడిది. ఆమె నడుము ఒకప్రక్కకు ఒరిగియుండుట బాల్యమున నాకు వింతగా తోచెను. కారణ మెన్నడు నడుగనైతిని.

దొరగారింట శుభకార్యమైన మందలోని మంచి పొట్టేలు వెల లేకయే పోయెడిది. కృష్ణ కావలియొడ్డున, పల్నాటిలో, 1922లో పుల్లరి చెల్లింపనని నిలిచి ప్రాణము లర్పించిన కన్నెగంటి హనుమంతు కథ చెప్పునప్పుడు తాత గొంతు తగ్గించెడివాడు. 1948లో నిజాము పాలన ముగిసి ఇరువదేండ్లయినను ఆ గొంతు పెరుగలేదు.

నా పుస్తకములకు రెండు పొట్టేళ్లు అమ్ముడుపోయెను. నేను అమరము వల్లించుచు గొఱ్ఱెకు ఊర్ణాయువని పేరున్నదని గొప్పగా చెప్పగా, నాయనమ్మ, "గట్లనా బిడ్డా! మరి ఆ ఊర్ణాయువు ఎన్ని పండ్లది?" అని యడిగెను. పండ్లను జూచి గొఱ్ఱె వయసు చెప్పుట అమరమున లేదు. మృగశిర యని నేను చదివిన చుక్కలను తాత గొఱ్ఱుకొయ్యలనెను. ఆయన వానిని జూచి రాత్రి జాము చెప్పగలడు. నేను శ్లోకము చెప్పగలను.

1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిరి. క్రమముగా క్రింది చేలు వరిమడు లయ్యెను. ఊరికి అన్నము వచ్చెను, కాదనను. మందను నిలుపుటకు మాత్రము తావు లేకపోయెను. మా చెలక కాలువకు మీదనుండెను. తాత మంద సగమమ్మెను. అయినను రెండేండ్ల కొకసారి దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు పోవుట మానలేదు.

వారు గతించిన పిమ్మట సున్నపురాతికై యడుగవచ్చినవారికి ఆ నాలుగెకరములను విక్రయించితిమి. పత్రముమీది సంతకములలో నాదే అందమైనది. ఇట్టి పత్రములు చేతనుంచుకొని యోచించుచున్నవారు ఈ సభలో కొందఱున్నారని యెఱుగుదును. అందుకే ఇది చెప్పితిని.

మొన్న పోయి చూచితిని. గుట్ట యున్నచోట గొయ్యి యున్నది. తూర్పున తాత పేర్చిన గోడ కొంతమేర మిగిలియున్నది. దానిలో ఒక సందు కలదు. సాయంకాలము గొఱ్ఱెలను ఒక్కొక్కటిగా లెక్కించి లోనికి విడుచుటకై ఆయన ఉంచినది.