పచ్చిక కోసే యంత్రం కథ



నీళ్ళు పోసి గడ్డి పెంచి, దానిని పశువుకు పెట్టకుండా కోసి పారవేసే యంత్రంతో మనకేం పని అని మీరడగవచ్చును. పని ఉన్నది. చివరి వరకు వినండి.

పూర్వం ఇంగ్లాండులో జమీందారుల తోటల పచ్చికను పొడుగు పిడి కొడవళ్ళతో కోసేవారు. తెల్లవారుజామున గడ్డి మంచుకు తడిసి ఉన్నప్పుడే కోత బాగా తెగేది. ఎండెక్కితే పని సాగేది కాదు.

గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ పట్టణం దగ్గర ఉన్నిబట్టల మిల్లులుండేవి. అక్కడ బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ చూశాడు. నూగును కోసేది గడ్డినెందుకు కోయదనుకున్నాడు. 1830లో పేటెంటు పొందాడు. జాన్ ఫెరబీ అనే కార్ఖానాదారు పెట్టుబడి పెట్టాడు. వెనుకనున్న బరువు రోలరు తిరిగితే, పళ్ళచక్రాల వల్ల ముందున్న మెలిక బ్లేళ్ళ సిలిండరు మరింత వేగంగా తిరుగుతుంది. కింద కదలని బ్లేడొకటి ఉంటుంది. రెంటి మధ్య గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. ఎండు గడ్డి మీద కూడా ఇది పనిచేసేది. తొలి యంత్రాలలో ఒకటి లండన్ రీజెంట్స్ పార్కు జంతు ప్రదర్శనశాలకు పోయింది.

1832లో ఇప్స్‌విచ్ పట్టణపు రాన్సమ్స్ కంపెనీ అనుమతి తీసుకుని ఈ యంత్రాలు చేయసాగింది. వారు అసలు నాగళ్ళవారు! అరిగేకొద్దీ తనంతట తానే పదునెక్కే పోతఇనుప కర్రుకు 1803లో పేటెంటు పొందినది ఆ కంపెనీ మూలపురుషుడు రాబర్ట్ రాన్సమే.

తరువాత గుర్రం లాగే యంత్రాలు వచ్చాయి. డెక్కలు పచ్చికను తొక్కి పాడుచేయకుండా గుర్రానికి తోలు జోళ్ళు తొడిగేవారు. 1859లో లీడ్స్‌కు చెందిన థామస్ గ్రీన్ పళ్ళచక్రాల బదులు గొలుసు పెట్టి మోత తగ్గించాడు. 1893లో లేలాండ్ అనే ఊళ్ళో జేమ్స్ సమ్నర్ ఆవిరి యంత్రం చేశాడు. అది బరువైనది, ఆవిరి పుట్టేదాకా కాచుకోవాలి. అయితే ఆయన భాగస్వామిగా 1896లో పెట్టిన కంపెనీయే పెరిగి లేలాండ్ మోటార్స్ అయినది. మన మార్కెట్ యార్డుకు ధాన్యం మోసే అశోక్ లేలాండ్ లారీలోని ఆ పేరు అక్కడిదే. 1902లో రాన్సమ్స్ వారు పెట్రోలు యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. 1921లో బర్మింగ్‌హామ్ నుంచి ఆట్కో వచ్చింది. దాని తయారీదారులు యంత్రం అమ్మి ఊరుకోలేదు. విప్పి, తుడిచి, పదును పెట్టి ఇచ్చే సర్వీసు శాఖలు కూడా తెరిచారు.

ఇక్కడే మనకు పాఠమున్నది. నేనొక చోట తోపుడు యంత్రమొకటి షెడ్డులో తుప్పు పట్టి పడి ఉండగా చూశాను. “తెగదండీ, మళ్ళీ కొడవలే పట్టాం” అన్నాడు తోటమాలి. చూస్తే బ్లేళ్ళు బాగానే ఉన్నాయి. సిలిండరుకూ కింది బ్లేడుకూ మధ్య సందు పెరిగింది, అంతే. నూనె వేసి, మరలు తిప్పి, బ్లేళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి సిలిండరును జాగ్రత్తగా తిప్పాం. ఈ కొస నుంచి ఆ కొస దాకా కాగితం శుభ్రంగా తెగేసరికి సందు సరిపోయినట్టే. పావుగంట పని! ఆ పని ఎవరూ చెప్పనందున యంత్రం మూలబడ్డది.

ఆనాడు వాడిన స్పానరు, నోరు పెంచి తగ్గించుకునే రకం. అటువంటి స్పానరు రూపొందించిన ఘనత కూడా ఆ బడ్డింగుకే ఇస్తారు. యంత్రం చేసినవాడే దానిని బిగించే పనిముట్టూ ఆలోచించాడన్నమాట!

అంచేత సోదరులారా, కలుపు యంత్రం కానివ్వండి, చాఫ్ కట్టరు కానివ్వండి, కొనేముందు ధర ఒక్కటే అడగకండి. విడిభాగాలెక్కడ దొరుకుతాయి, పదునెవరు పెడతారు, బిగింపు ఎవరు నేర్పుతారు అని అడగండి. ఎదుట విప్పించి, బిగించి చూపమనండి. ఇంజను ఆపనిదే బ్లేళ్ళ దగ్గర చేయి పెట్టకండి. చేతియంత్రమైనా సరే, బ్లేళ్ళ మధ్య వేలు పోనీయకండి.

విస్తరణ మిత్రులకొక మాట. యంత్రం ఇప్పించిన నాటితో మన పని తీరదు. మొదటి కోత అయినాక మళ్ళీ ఒకసారి ఆ రైతు ఇంటికి వెళ్ళండి. సెలవు.