పాత తెరచాప పడవ - దాని నడిమి పలక

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారికి పడవ క్రొత్త వస్తువు కాదు. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్టవలన ఏర్పడిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, చిరకాలము మనకు బాటలుగా కూడ ఉపయోగపడినవి. విజ్జేశ్వరమునొద్ద బయలుదేరిన గోదావరి నీరు తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి, అచ్చట కృష్ణ కాలువతో కలియును. ధాన్యము, కలప, ఉప్పు, మనుష్యులు అన్నియు ఆ నీటిమీదనే నడచినవి. గాలి వెనుకనుండి వీచినపుడు సరంగు తెరచాప ఎత్తెడివాడు. గాలి ఎదురైనపుడు చాప దించి, మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాడుతో పడవను లాగెడివారు. రైలును, లారీయు వచ్చిన పిమ్మట ఆ పడవలు తరిగిపోయినవి. 2008లో ఏలూరు కాలువను నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి గాని, పోయిన తెరచాపలు తిరిగి రాలేదు.

గాలి ఎదురైనపుడు ఆ పడవలను త్రాటితో ఏల లాగవలసివచ్చెను? ఈ ప్రశ్నతోనే నేటి మన విషయము ఆరంభమగుచున్నది. కాలువపడవ అడుగు చదునైనది. చదునైన అడుగు తక్కువ నీటిలో తేలును, ఎక్కువ బరువు మోయును. కాని ప్రక్కగాలి తగిలినపుడు నీటిని పట్టుకొని నిలువలేదు. ఒక చేటను నీటిపై ఉంచి ఊదిచూడుడు. అది మీరూదిన వైపునకే జారిపోవును. ఆ చేటక్రింద ఒక సన్నని పలకను నిలువుగా బిగించి మరల ఊదుడు. ఇప్పుడది ప్రక్కకు పోజాలక, ముందునకో వెనుకకో కదలును. గాలికి ఏటవాలుగా ఎదురుపోవు పడవలన్నిటికిని ఇదియే కీలకము. పైన చాప గాలిని పట్టవలెను. క్రింద పలక నీటిని పట్టవలెను. రెండింటిలో ఏది లేకున్నను పడవ కొట్టుకొనిపోవును.

లోతైన సముద్రమున ఆ పలకను పడవ అడుగున శాశ్వతముగా బిగింపవచ్చును. మన కొల్లేటిలో అది పనికిరాదు. తమ్మిలేరు, బుడమేరు మొదలగునవి తెచ్చు నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు ఆ సరస్సు విశాలమే గాని లోతైనది కాదు. అందుచేతనే అచ్చటివారు తాటిమ్రాను తొలిచిన దోనెలను గెడకఱ్ఱతో నడుపుచు వచ్చిరి. జంగారెడ్డిగూడెము ప్రక్కన కొంగువారిగూడెమునొద్ద ఎఱ్ఱకాలువకు కట్టిన జలాశయము వంటి చోట్ల కట్టవద్ద లోతుండును. ఎగువకు పోయినకొలది మెరక తగులును. ఇట్టి నీళ్లలో తిరుగు తెరచాప పడవకు కావలసినది అవసరమైనపుడు దిగి, అక్కరలేనపుడు లేచు పలక. దానినే మనము నడిమి పలక అనుచున్నాము.

ఈ ఉపాయము ఒక్క దేశమువారి సొత్తు కాదు. మన తూర్పుతీరమున కట్టుమరములపై చాప ఎత్తినపుడు ఒక పలకను నీటిలోనికి దించుట పాత వాడుక. 1774లో బోస్టను నగరమున జాన్ షాంక్ అను బ్రిటిష్ నౌకాదళాధికారి పడవ నడుమ నుండి నిలువుగా దిగు పలకను అమర్చెను. ఆ పద్ధతిపై మూడు పలకలతో నిర్మింపబడిన 'లేడీ నెల్సన్' అను చిన్న యోడ 1800లో ఆస్ట్రేలియా తీరమును పరిశీలించుటకు పంపబడెను. మెరకనీటిలో తిరుగవలసిన పని గనుకనే దానిని ఎన్నుకొనిరి. 1811లో అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతపు స్వేన్ సోదరులు పలకను ఒక ఇరుసుపై తిరుగునట్లు చేసి హక్కుపత్రము పొందిరి. నిలువుగా దిగు పలక నేలను తాకిన విరుగును, లేదా పడవను నిలిపివేయును. ఇరుసుపై తిరుగు పలక నేల తగులగానే కత్తి పిడిలోనికి ముడుచుకొనునట్లు తన పెట్టెలోనికి తానే ముడుచుకొనును. మెరకనీటివారికి ఇది గొప్ప మేలు.

1956లో జాక్ హోల్ట్ అను ఆంగ్లేయుడు రూపొందించిన 'ఎంటర్‌ప్రైజ్' అను పడవ ఈ జాతిలోనిదే. పొడవు సుమారు 4 మీటర్లు, ప్లైవుడ్డుతో ఇంటివద్దనే చేసికొనదగినది, ఇద్దరు నడుపునది. మన దేశమున పడవపందెములలో ఇది పేరు పొందినది. ఇట్టి చిన్నపడవలు ముదిసిన పిదప ఏ కొట్టములోనో బోర్లించి మరచిపోబడును. అట్టి యొకదానిని తిరిగి నీటిలో దింపదలచినచో పనిని ఏ వరుసలో చేయవలెనో చూతము.

మొదట పడవను నీడలో ఎత్తుబల్లలమీద బోర్లింపవలెను. ఎండలో ఆరబెట్టిన పలకలు బీటలువారును. పాతరంగు గీకిన తరువాత చిన్న కొయ్యసుత్తితో అంగుళమంగుళము తట్టి వినవలెను. మంచి కొయ్య ఖంగుమని పలుకును. పుచ్చినది మందముగా పలుకును. అనుమానమున్నచోట చాకుమొనతో గ్రుచ్చి చూడవలెను. ముఖ్యముగా చూడదగిన చోట్లు మూడు: చాపకొయ్య మొదలు నిలుచు చోటు, వెనుక అడుగుమూల, నడిమి పలక పెట్టె చుట్టును. వాననీరు నిలుచునదియు, బరువు పడునదియు అచ్చటనే. పుచ్చిన ప్లైవుడ్డును కోసివేసి, ఐ.ఎస్. 710 గుర్తుగల నీటిపడవల ప్లైవుడ్డును అతుకవలెను. అతుకు ఎదురెదురుగా మొద్దుగా పెట్టరాదు. మందమునకు ఎనిమిది రెట్లు పొడవుగా రెండంచులను ఏటవాలుగా చెక్కి జిగురుతో కలుపవలెను. పలకలు కూర్చిన పాత నాటుపడవ అయినచో సందులలో ప్రత్తిని గాని కొబ్బరిపీచును గాని గుగ్గిలముతో కూరుట మన వడ్రంగులు ఎరిగిన పనియే. ఎండిన పలకల నడుమ మరీ బిగువుగా కూరరాదు. నీటిలో పలకలు ఉబ్బినపుడు మేకులు ఊడివచ్చును.

పాతపడవ కారునదన్న ఫిర్యాదు వచ్చినపుడు అడుగుపలకలకంటె ముందు నడిమి పలక పెట్టెను చూడవలెను. గాలి చాపను ప్రక్కకు త్రోయును. నీరు పలకను ఎదురుత్రోయును. ఈ రెండింటి పెనుగులాట అంతయు ఆ పెట్టె మొదట పడును. ఏండ్ల తరబడి అటునిటు ఊగి పెట్టెకును అడుగు దూలమునకును నడుమనున్న అతుకు వదులగును. దీనిని కనుగొనుటకు పడవను నీటిలో దింపనక్కరలేదు. అడుగుననున్న చీలికను బంకతోను గుడ్డతోను మూసి, పడవను వెల్లకిల నిలిపి, పెట్టెలో పైవరకు నీరు పోయవలెను. ఎచ్చట చెమ్మ కనబడునో అచ్చట బొగ్గుతో గుర్తు పెట్టుడు. అతుకు సరిచేసిన తరువాత పెట్టె తలను అడ్డముగానున్న కూర్చుండు బల్లకు బిగించినచో ఊగుట మానును. ఊగుట మాననిది ఎన్ని జిగురులు పూసినను కారుట మానదు.

ఇక పలకను ఎత్తు యంత్రము. పాతపడవలలో దీనిని మార్చవలెనన్న కోరిక కలుగుట సహజము. ఏలయనగా ఎత్తుట కష్టముగా నుండును. కష్టమెచ్చట నున్నదో లెక్క వేసి చూతము. ఒక మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందము గల ఉక్కురేకు పలక యున్నదనుకొందము. దాని బరువు సుమారు 25 కిలోలు. నీటిలో 22 కిలోలు. ఇరుసు ఒక చివర నున్నది గనుక బరువంతయు ఇరుసుకు 50 సెంటీమీటర్ల దూరమున పనిచేయును. పలక నిలువుగా వ్రేలాడునపుడు ఎత్తుట తేలిక. అడ్డముగా వచ్చినకొలది భారమధికమగును. ఎత్తు త్రాడు ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరమున కట్టబడియున్నచో చివరిదశలో 55 కిలోల లాగుడు కావలెను. ఒక చేత చుక్కానిని పట్టుకొన్నవాడు రెండవచేత 55 కిలోలు లాగలేడు. అదే త్రాడును ఇరుసుకు 90 సెంటీమీటర్ల దూరమున, పలక వెనుకమూలకు కట్టినచో 12 కిలోలు చాలును. ఒక కప్పీ చేర్చి రెట్టింపు బలము తెచ్చినచో రాపిడి గాక 6 కిలోలే. అయితే దేనికైనను వెల చెల్లింపవలెను గదా! మొదటి విధమున త్రాడు 30 సెంటీమీటర్లు లాగిన చాలును. ఈ విధమున రెండున్నర మీటర్లు లాగవలెను. అంతేగాక, వెనుకమూలకు కట్టిన త్రాడు నీటిలో నానును. గుఱ్ఱపుడెక్క వేళ్లు దానికి చుట్టుకొనును. కనుక త్రాడును చీలికలోపలనే ఉంచి, బయటకు వ్రేలాడకుండునట్లు అమర్చవలెను.

కొయ్యపలక సంగతి దీనికి తలక్రిందులు. అదే కొలతగల 25 మిల్లీమీటర్ల మందపు కొయ్యపలక 10 లీటర్ల నీటిని తొలగించును. తాను ఆరేడు కిలోలే తూగును. అది తేలిపోవజూచును. దానిని ఎత్తుట కష్టము కాదు, దించియుంచుట కష్టము. కనుక ఎత్తు త్రాటితోపాటు దింపు త్రాడును కూడ కావలెను. లేదా పలక కొనను సీసము పొదుగవలెను.

ఇంతవరకు సుఖము మాట. ఇప్పుడు ప్రాణము మాట. చిన్న తెరచాప పడవ బోల్తాపడుట అరుదు కాదు. ప్రక్కకు పడినపుడు నడుపువాడు ఈ నడిమి పలకపైకి ఎక్కి నిలుచును; ఆతని బరువుకు పడవ తిరిగి లేచును. అప్పుడు ఆతనికి మెట్టు, మీట, ఆధారము అన్నియు ఆ పలకయే. పడవ పూర్తిగా బోర్లపడినచో, పట్టు లేని ఉక్కుపలక తన బరువుచేత పెట్టెలోనికి పడిపోవును. నునుపైన అడుగుతప్ప పట్టుకొనుటకేమియు మిగులదు. ఎత్తుట తేలిక చేయవలెనని పాత బిగింపులను తీసివేయువారు ఈ సంగతి తలంపరు. పాతపడవలో ఇరుసువద్ద రబ్బరు బిళ్లయో, పెట్టెతలవద్ద కొయ్యచీలయో కనబడినచో అది అనవసరమని పారవేయరాదు. దానిని పెట్టినవాడు ఒకనాడు నీటిలో పడిలేచినవాడై యుండవచ్చును.

కాబట్టి మంచి యంత్రము రెండు విరుద్ధమైన ఆజ్ఞలను పాటింపవలెను. నేల తగిలినపుడు పలక లొంగవలెను; పడవ తలక్రిందైనపుడు లొంగరాదు. దీనికి సులభమైన మార్గమొకటి కలదు. దింపు త్రాటిని పెట్టెమీది కొక్కెమునకు నేరుగా ముడివేయక, నడుమ ఒక సన్నని త్రాటి ముక్కను చేర్పవలెను. పలక దిగియున్నపుడు దానిని అట్లే నిలుపుటకు కొద్ది బలమే చాలును గనుక బోల్తాపడినపుడు ఆ ముక్క నిలుచును. పడవ వేగముగా పోయి మెరకను గ్రుద్దినపుడు అది తెగి పలకను కాపాడును. పది పైసల వంటి ఆ త్రాటిముక్క తెగుటయే మేలు. లేనిచో ఇరుసు వంగును, పెట్టె చీలును. అట్టి ముక్కలు నాలుగైదు పడవలో ఉంచుకొనవలెను. సాగెడు రబ్బరు త్రాడును ఇందుకు వాడువారును కలరు. అది నేల దాటగానే పలకను తిరిగి దించును గాని, ఎండకు పాడగును గనుక తరచుగా మార్చవలెను.

ఇరుసు విషయమున ఒక హెచ్చరిక. ఉప్పుటేటి నీరు ఉప్పన. అట్టి నీటిలో ఉక్కుపలకకు ఇత్తడి ఇరుసు తగిలియున్నచో ఉక్కు త్వరగా తినివేయబడును. రెండింటి నడుమ నైలాను బిళ్లలు వేయవలెను. ఇరుసు పడవ లోపలినుండి ఊడదీయుటకు వీలుగా నుండవలెను; ఏటికొకసారి తీసి చూడవలెను. పెట్టెతలవద్ద చేయి పట్టునంత కంతయు ఉంచినచో, చీలికలో ఇరుకుకొన్న గుల్లలను, బురదను వెదురుబద్దతో త్రోసివేయవచ్చును.

అన్నియు ముగిసిన పిదప మొదటి పరీక్ష లోతునీటిలో చేయరాదు. రొమ్ములోతు నీటిలో, గాలి లేని ఉదయమున, తేలుకోటులు తొడిగికొని, గట్టున ఇద్దరిని నిలిపి చేయవలెను. పలకను ఇరువదిసార్లు ఎత్తి దింపుడు. కావలెననియే మెరకకు నడిపి పలక లొంగునో లేదో చూడుడు. కావలెననియే పడవను పడద్రోసి, పలకపై నిలిచి లేపుడు. ఈ మూడును జరిగిన తరువాతనే పిల్లలను ఎక్కింపుడు. కొల్లేరు 1999 నుండి పక్షుల అభయారణ్యము. 2002లో రామ్సార్ జాబితాకెక్కిన చిత్తడినేల. అచ్చట పడవ దింపదలచువారు ముందుగా అటవీశాఖవారి అనుమతి పొందవలెను.

కాలువపడవలు పోయినపుడు మనము పడవలను మాత్రమే గాక, వాటిని తట్టి విని రోగము చెప్పగల వడ్రంగుల విద్యను కూడ పోగొట్టుకొనుచున్నాము. మీ యూర నట్టివాడొకడు మిగిలియున్నచో పాతపడవపై ఉలి పెట్టుటకు ముందు ఆతనిని పిలిచి చూపుడు. ప్రతి చీలను చూపి, ఇది యేల యిచ్చట నున్నదని అడుగుడు. ఆ సమాధానము తెలిసిన పిదప దానిని మార్చినను తప్పులేదు. తెలియకమునుపు మాత్రము దానిని కదలింపరాదు.