మెదడు వైరింగ్ రోజూ మారుతోంది, మరి అమ్మ గొంతు ఎందుకు మారట్లేదు?

గౌడవెల్లి నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో నిజామాబాద్ లైన్ రైలు హారన్ వినపడితే ఏమనుకోకండి, ఇవాళ టాపిక్ కూడా శబ్దమే.

చెవి లోపల, కాక్లియాలో, శబ్దాన్ని పట్టి మెదడుకి పంపే హెయిర్ సెల్స్ దాదాపు 3,500 ఉంటాయి. పోతే మళ్లీ పుట్టవు. ఆ సిగ్నల్ చేరేది ఆడిటరీ కార్టెక్స్‌కి. కనీసం అక్కడైనా వైరింగ్ పర్మనెంట్‌గా ఉండాలి కదా? లేకపోతే ఫోన్‌లో "తిన్నావా రా" అనగానే అమ్మ అని ఎలా గుర్తుపడతాం?

జర్మనీలోని మైన్జ్‌లో సైమన్ రుంపెల్ ల్యాబ్ వాళ్లు ఎలుకల మెదడులో అవే న్యూరాన్లను రోజుల తరబడి మైక్రోస్కోప్‌తో గమనించారు. మొన్న ఒక శబ్దానికి గట్టిగా స్పందించిన కణం ఇవాళ ఊరుకుంటుంది. మొన్న పట్టించుకోనిది ఇవాళ పలుకుతుంది. కణాల మధ్య కనెక్షన్లు కూడా కొన్ని పోతాయి, కొత్తవి వస్తాయి. కానీ గుంపు మొత్తాన్ని కలిపి చూస్తే, ఏ శబ్దం ఏదో చెప్పే ప్యాటర్న్ పెద్దగా చెదరదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది సర్వీస్ ఆపకుండా సర్వర్లు మార్చినట్టు అనిపిస్తుంది. కానీ మెదడులో పైన కూర్చుని చెప్పే మేనేజర్ ఎవరూ లేరు. నాకైతే ఊళ్లో భజన బృందమే సరైన పోలిక. ఈ శనివారం ఇద్దరు రారు, కొత్తగా ఒకరు చేరతారు, పాట మాత్రం అదే.

దీంతో మనకేం పని అంటారా? తాతకి హియరింగ్ మెషిన్ కొనిస్తాం. రెండు రోజులకే "గిన్నెల చప్పుడు తలలో మోగుతోంది" అని తీసి డబ్బాలో పెట్టేస్తారు. సెట్టింగ్ సరిచేయించి రోజూ పెట్టుకుంటే, కొన్ని వారాల్లో మెదడు సర్దుకుంటుంది. డబ్బాలో ఉన్న మెషిన్‌కి ఎలా సర్దుకుంటుంది చెప్పండి?

పిల్లలకైతే టైమ్ ఇంకా తక్కువ. పుట్టుకతో వినపడని పిల్లలకి మూడున్నరేళ్ల లోపు కాక్లియర్ ఇంప్లాంట్ పెడితే, మెదడు స్పందన కొన్ని నెలల్లోనే తోటి పిల్లల స్థాయికి వస్తుందని అమెరికాలో అను శర్మ బృందం 2002లో చూపించింది. ఏడేళ్లు దాటితే చాలామందిలో అలా రాదు. చాలా ఇంప్లాంట్లలో ఉండేవి మహా అయితే 22 ఎలక్ట్రోడ్లు. 3,500 కణాల పని 22తో! మిగతాదంతా ఆ మారే వైరింగే నేర్చుకోవాలి, అందుకే ఆపరేషన్ అయ్యాక థెరపీ మానేస్తే సగం పని ఆగిపోయినట్టే. ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకి ఈ సర్జరీ ఉంది, వయసు పరిమితితో. "మేనమామకి కూడా మాటలు లేటే" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే అననివ్వండి, మీరు మాత్రం ముందు బెరా టెస్ట్ చేయించండి.