వేసవిలో తంజావూరు: మూడు పగళ్లు, నాలుగు రాత్రులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిన్న మరునాటినుండి మన యిళ్లలో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "యీ వేసవికి యెక్కడికి వెళదాం?" దానికి ఒక జవాబు మీముందు పెట్టదలచాను.

చెన్నపట్నపు తెలుగువారికి ప్రయాణం కొత్తగాదు. సుప్రీంకోర్టులో దుబాసీగా వుండిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న యిక్కడినుండే పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. ఆయనకు పదిహేను నెలలు పట్టింది. మనకు దొరికేది మూడు రోజులు. కాలం తక్కువైనప్పుడు చూడవలసిన ఊళ్లూ తగ్గించుకోవాలి.

ఉత్తర ఇటలీ చూచివచ్చే మనవారూ యిప్పుడు వున్నారు. మిలాన్‌నుండి వెనిస్‌కు రైలులో సుమారు రెండున్నర గంటలే గనుక, ఐదు రోజులలో ఐదు పట్టణాలు చుట్టబెట్టవచ్చు. కాని అలా తిరిగినవారికి చివరకు స్టేషన్లే జ్ఞాపకం వుంటాయి. ఒక ఊళ్లో మకాం పెట్టి, చుట్టుపక్కల చూచి రాత్రికి తిరిగి వచ్చేవారికే తృప్తి. మనమూ అలాగే తంజావూరులో మకాం పెడదాం.

తంజావూరే యెందుకు? అక్కడి పెద్దగుడిని రాజరాజచోళుడు 1010లో పూర్తిచేశాడు. ఆయన కుమార్తె కుందవను వేంగి ప్రభువైన విమలాదిత్యుడు పెండ్లాడాడు. వారి కుమారుడే నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుడు. అంటే ఆ గుడి కట్టించినవారు మన ఆదికవి ప్రభువుకు తాతగారన్నమాట! తరువాత వచ్చిన నాయకరాజులలో రఘునాథుడు స్వయంగా తెలుగు కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. విజయరాఘవుని సభలో రంగాజమ్మ వుండేది. ఆ వెనుక వచ్చిన మరాఠా రాజులలో శాహజీ కూడా తెలుగులో యక్షగానాలు వ్రాశాడు. యేలేవారు మారినా సభలో తెలుగు నిలిచింది.

ఇక ప్రయాణపు సంగతి. రైలా, కారా? కారులో సుమారు 340 కిలోమీటర్లు. మే నెల కత్తిరి యెండలో పసిపిల్లలతో, పెద్దవాళ్లతో పగలంతా రోడ్డుమీద వుండడం శ్రమ. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. విల్లుపురం, మాయవరం, కుంభకోణం మీదుగా పోయే పాత మార్గం తంజావూరుకు తిన్నగా పోతుంది. కొన్ని బండ్లు ఎగ్మూరునుండి, కొన్ని తాంబరంనుండి బయలుదేరుతాయి గనుక టిక్కెట్టుమీద స్టేషను పేరు చూచుకోండి. 2024 నవంబరునుండి 60 రోజులు ముందుగా మాత్రమే రిజర్వేషను యిస్తున్నారు. తంజావూరులో దిగిన తరువాత కారు అద్దెకు తీసుకుంటే చాలు.

యే రోజున వెళ్లాలి? వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతి. ఉగాదికి సుమారు ఆరు వారాలు. ఆ రాత్రికి తంజావూరునుండి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో వున్న మేలట్టూరుకు చేరుకోవాలి. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చిన గ్రామం అది. త్యాగరాజస్వామివారి సమకాలికులైన వేంకటరామశాస్త్రిగారు తెలుగులో వ్రాసిన భాగవతమేళ నాటకాలను అక్కడివారు నేటికీ యేటేటా ఆడుతున్నారు. స్త్రీపాత్రలూ పురుషులవే. జయంతి రాత్రి ఆడేది ప్రహ్లాద చరిత్రం. వీధిలో వినిపించేది తమిళం, రంగంమీద వినిపించేది తెలుగు!

కార్యక్రమం యిట్లా వేసుకోవచ్చు. మొదటిరోజు ఉదయం యెండ ముదరకముందే పెద్దగుడి. తరువాత రాళ్లమీద కాలు పెట్టలేరు. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఊరు. రెండవరోజు ఉదయం 13 కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు, త్యాగరాజస్వామివారి సమాధి. ఆయన 1847లో సిద్ధిపొందారు. ఆ చోటును వెదకి మందిరం కట్టించిన మహాయిల్లాలు బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె విగ్రహం స్వామివారికి యెదురుగానే వున్నది. ఆ నెలలో కావేరిలో నీటికంటె యిసుకే యెక్కువ. మేట్టూరు ఆనకట్ట తలుపులు ఆనవాయితీగా తెరిచేది జూన్ 12న. మధ్యాహ్నం పిల్లలను తప్పకుండా నిద్రపుచ్చండి. ఎందుకంటే మేలట్టూరు నాటకం తెల్లవారుజాముదాకా సాగుతుంది. కారువానితో రాత్రంతా వుండవలెనని ముందే మాట్లాడుకోండి. మూడవరోజు ఆలస్యంగా లేచి, కోటలోని సరస్వతీ మహలు చూడండి. సంస్కృత, తమిళ గ్రంథాలతోబాటు మన తెలుగు తాళపత్రాలూ అక్కడ భద్రంగా వున్నవి. సెలవుదినం కాకుండా చూచుకోండి. ఆ రాత్రికి తిరుగు బండి.

మరొక్క మాట. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చినతరువాత మన పిల్లలకు బడిలో తెలుగు నేర్చుకొనే వీలు తగ్గింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. అది మనకు అన్నంపెట్టే గడ్డ భాష. కాని "మనం యెక్కడినుండో వచ్చినవాళ్లం, మన భాష యింట్లో మాత్రమే" అనే భావం వారి మనసులో నాటుకోకూడదు. పదిసార్లు మందలించినందువల్ల అది పోదు. తమిళగ్రామం నడివీధిలో, అర్ధరాత్రివేళ, ప్రహ్లాదుడు తండ్రికి తెలుగులో జవాబు చెప్పడం ఒక్కసారి విన్నారంటే పోతుంది. బయలుదేరేముందు పోతనగారి ప్రహ్లాదుని కథ ఇంట్లో చెప్పి వుంచండి. కథ తెలిసిన పిల్లవానికి నిద్రరాదు.

ఒంటరిగా వున్న పెద్దలు మన సంఘంలో కొందరున్నారు. వెళ్లే కుటుంబాలవారు కార్యదర్శిగారితో చెబితే, వారినీ వెంట తీసుకుపోవచ్చు. రిజర్వేషను యిప్పటికే తెరచి వున్నది గనుక, యీ వారంలోనే పంచాంగం చూచి నిశ్చయించుకోండి.