నిదానమే ప్రధానము: పాత వాల్వు రేడియో మరమ్మతు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను సంకోచించితిని. నేను పండితుడను కాను, కవిని కాను. బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. తీరిక వేళలలో పాత వాల్వు రేడియోలను విప్పి బాగుచేయుట నాకొక వ్యసనము. "ఆ వ్యసనమును గూర్చియే చెప్పుడు" అని వారనిరి. గ్రంథాలయము స్థాపించిన నాడు ఒక పెద్దమనిషి పుస్తకములతో పాటు తమ రేడియోను కూడ ఇచ్చిరి. అది ఇన్నాళ్లు బీరువాపై దుమ్ము పట్టి యుండి, ఈ ఉదయము మీకు ప్రార్థనాగీతము వినిపించినది. దాని కథయే నా ప్రసంగ విషయము.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందులో ఒక తీగ కాగి ఎర్రబారును. ఆ వేడికి కాథోడు అను చిన్న గొట్టము నుండి ఎలక్ట్రానులు వెలువడి, ఎదుటనున్న ప్లేటునకు పోవును. నడుమ గ్రిడ్డు అను తీగచుట్ట కలదు. పొలమునకు పారు నీటిని తూము తలుపు ఎట్లు అదుపు చేయునో, గ్రిడ్డుపై పడు స్వల్ప విద్యుత్తు ఆ ప్రవాహమునట్లు అదుపు చేయును. తలుపు కొంచెము కదలినను కాలువ ప్రవాహమంతయు మారును గదా! బలహీనమైన సంకేతము బలము పొందుట యిట్లే. 1904లో ఫ్లెమింగు అను ఆంగ్లేయుడు రెండు అంగముల వాల్వును కనిపెట్టెను. 1906లో అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్టు దానికి గ్రిడ్డును చేర్చెను. 1947లో ట్రాన్సిస్టరు పుట్టినను, అది ఇంటింటికి చేరుటకు చాల ఏండ్లు పట్టినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాడు మన ఇండ్లలో ఆ ప్రసారములు వినిపించినవి వాల్వు రేడియోలే.

ఇక నా తప్పును చెప్పుకొనవలెను. మా తండ్రిగారికొక వాల్వు రేడియో యుండెడిది. అది పన్నెండేండ్లు అటకపై పడియుండినది. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో పండుగకు ఇంటికి వచ్చి, వారిని సంతోషపెట్టవలెనని దానిని దించి, దుమ్ము తుడిచి, వారు కుర్చీ దగ్గరకు జరుపుకొని కూర్చుండగనే స్విచ్చి వేసితిని. స్కేలు దీపము వెలిగినది. ఒక నిమిషములో గుయ్యిమని ధ్వని పుట్టినది. మరునిమిషమున కాలిన తారు వాసనతో నల్లని పొగ వచ్చినది. ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయినది. మా తండ్రిగారు కోపగింపలేదు. "లంఖణాలు చేసినవాడికి మొదట గంజినీళ్లు పోస్తారు కానీ, విందు పెడతార్రా?" అని మాత్రము అనిరి. ఆ రేడియో మరల పలుకకమునుపే వారు కాలము చేసిరి. ఈ విద్యను నేను శ్రద్ధగా నేర్చుకొనుటకు అదియే కారణము.

వారి మాట శాస్త్రసమ్మతమని పిదప పుస్తకములు చదివి తెలిసికొంటిని. రేడియోలోని ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులో అల్యూమినియము రేకుపై నున్న అతి పలుచని ఆక్సైడు పొరయే విద్యుత్తునకు అడ్డుగోడ. విద్యుత్తు తగులుచున్నంత కాలము ఆ పొర నిలుచును. ఏండ్ల తరబడి వాడనిచో పొర క్షీణించును, లోని ద్రవము ఎండును. అట్టిదానికి ఒక్కసారిగా 300 వోల్టులు తగిలినచో అది విద్యుత్తును ఆపజాలదు. ఆ భారమంతయు రెక్టిఫయరు వాల్వుపైనను ట్రాన్స్‌ఫార్మరుపైనను పడును. కావున మొదటి సూత్రము: పాత రేడియో దొరకిన వెంటనే "పలుకునేమో చూతము" అని స్విచ్చి వేయరాదు.

రెండవ సూత్రము ప్రాణరక్షణము. ప్లగ్గు ఊడదీసిన తరువాతను కండెన్సరులలో విద్యుత్తు నిలిచి యుండవచ్చును. 10,000 ఓముల 5 వాట్ల రెసిస్టెన్సునకు తొడుగుగల తీగలు కట్టి, కండెన్సరు కొనలకు కొన్ని సెకండ్లు తాకించి, మీటరు సున్న చూపిన పిదపనే చేయి పెట్టవలెను. విద్యుత్తు ఉన్నప్పుడు కొలతలు తీయవలసి వచ్చినచో ఒక చేయి జేబులో నుంచుకొనవలెను. రెండు చేతులును తగిలినచో విద్యుత్తు గుండె మీదుగా పోవును. ఒంటరిగా ఈ పని చేయరాదు. ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియోలు కొన్ని కలవు. వానిలో ఇనుప చాసిస్సే మెయిన్సుకు తగిలి యుండవచ్చును. క్రొత్తగా నేర్చువారు వాని జోలికి పోకుండుట మేలు.

ఈ రెండు సూత్రములు మనసున నుంచుకొని మన గ్రంథాలయపు రేడియోను విప్పితిని. దాత ఇదిగో ముందు వరుసలోనే కూర్చుండి యున్నారు. నా ఇంటి రేడియోను మాడ్చితిని గాని, వారి రేడియోను మాడ్చుటకు నాకు అధికారము లేదు. మొదటి రెండు సాయంకాలములు ప్లగ్గే పెట్టలేదు. కంటితో చూచుటయు ముక్కుతో వాసన చూచుటయు మీటరుతో కొలుచుటయు, ఇంతే పని. వెనుక అట్ట తీయగనే ఎలుక గూడు కనబడినది. రెండు తీగల తొడుగును ఎలుక కొరికినది. ఫ్యూజు ఉండవలసిన చోట ఎవరో లావైన రాగితీగ చుట్టియుండిరి. తీగలను మార్చి, తగిన ఫ్యూజు వేసి, ఉబ్బిన ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులను తీసి క్రొత్తవి పెట్టితిని. వీనికి ధన, ఋణ కొనలు కలవు. తారుమారుగా టంకము వేసినచో పేలిపోవును.

మూడవనాడు సీరీస్ బోర్డు ద్వారా ప్లగ్గు పెట్టితిని. మెయిన్సు తీగకును రేడియోకును నడుమ 60 వాట్ల పాతకాలపు తీగ బల్బును కట్టినదే సీరీస్ బోర్డు. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. రేడియోలో షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి భారమును తనపై వేసికొనును. లేనిచో ఒక్కసారి మెరసి మసకబారును. మా తండ్రిగారు చెప్పిన గంజినీళ్లు ఇవియే. బల్బు మసకబారినది. నా మనస్సు కుదుటపడినది. పిదప బల్బును తీసి నేరుగా విద్యుత్తు ఇచ్చితిని.

రేడియో పలికినది. కాని పది నిమిషములకు గొంతు బొంగురుపోయినది. చివరి వాల్వు మిక్కిలి వేడెక్కినది. దాని పేరు ఇ.ఎల్. 84. స్పీకరును పలికించునది అదియే. అనుభవము లేనివాడు "వాల్వు పోయినది" అని క్రొత్తది కొనును. క్రొత్తదియు కొన్నాళ్లకు అట్లే చెడును. నేను మీటరు పట్టితిని. కాథోడు దగ్గర సుమారు 7 వోల్టులు ఉండవలసి యుండగా 11 కలవు. అనగా వాల్వు తన శక్తికి మించి విద్యుత్తును మోయుచున్నది. గ్రిడ్డు దగ్గర సున్న ఉండవలసి యుండగా మెల్లమెల్లగా 4 వోల్టులకు ఎక్కినది. తూము తలుపును ఎవరో ఎత్తి పట్టుకొని యున్నారన్నమాట!

ఎవరు? ఇద్దరిపై అనుమానము కలదు. ముందు వాల్వు నుండి ధ్వనిని మాత్రము రానిచ్చి, అధిక వోల్టేజిని ఆపవలసిన 0.01 మైక్రోఫారడు కాగితపు కండెన్సరు ఒకటి. చివరి వాల్వే రెండవది. రేడియోను ఆపి, ఆ కండెన్సరు కొన నొకదానిని విడదీసి, మరల కొలిచితిని. గ్రిడ్డు వోల్టేజి మాయమైనది. అది మాయము కానిచో దోషము వాల్వుదే అయియుండెడిది. కాగితపు కండెన్సరు తేమ పీల్చి లీకైనది. దాని స్థానమున 630 వోల్టుల పాలియెస్టరు కండెన్సరును టంకము వేయగనే కాథోడు 7 వోల్టులకు దిగినది, గొంతు బాగుపడినది. కొన్ని రూపాయల వస్తువు విలువైన వాల్వును, దానిని మించి నేడు దొరకుట దుర్లభమైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కాపాడినది.

ఇతర లక్షణములను క్లుప్తముగా చెప్పెదను. ఎడతెగక గుయ్యిమను ధ్వని వచ్చినచో ఫిల్టరు కండెన్సరును మొదట అనుమానింపుడు. వాల్యూము త్రిప్పినప్పుడు గరగరలాడినచో ఆ కంట్రోలులో మురికి చేరియుండును. పెన్సిలుతో మెల్లగా తట్టగా ఏ వాల్వు స్పీకరులో ఖంగుమనునో, ఆ వాల్వు లోపలి భాగములు వదులైనవని ఎరుగుడు. ఒకేసారి నాలుగు భాగములను మార్చకుడు. ఒకటి మార్చి, కొలిచి, కాగితముపై వ్రాసికొనుడు. అట్లు చేయనిచో ఏది రోగమో ఏది మందో తెలియదు.

ఈ విద్య రేడియోతోనే ఆగలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణమున 1938లో రేడియో మరమ్మతు దుకాణము పెట్టిన లియో ఫెండరు, పిమ్మట గిటారు వాయించువారికి వాల్వు ఆంప్లిఫయర్లు కట్టి లోకప్రసిద్ధుడయ్యెను. ఆయనకు గిటారు వాయించుట రాదు. ఇంగ్లండులో 1959లో వచ్చిన వాక్స్ ఎ.సి. 30 అను గిటారు ఆంప్లిఫయరులో మన రేడియోలోని ఇ.ఎల్. 84 వాల్వులే నాలుగు కలవు. బీటిల్సు బృందము వాడినది ఆ జాతి ఆంప్లిఫయర్లనే. వాల్వుపై భారము పెరిగినప్పుడు కలుగు ఆ మృదువైన గొంతుమార్పును గిటారు వాద్యకారులు నేటికిని కోరుచున్నారు. అందువలననే స్లొవేకియా, చైనా మొదలగు దేశములలో ఈ వాల్వులు ఇంకను తయారగుచున్నవి. దూరదేశపు గిటారు వాద్యకారుల అభిరుచి మన పల్లెలోని పాత రేడియోకు ఆయుర్దాయమైనది!

ఈ ఉదయము మీరు విన్న గీతము ఆకాశమున వచ్చినది కాదు. గ్రామఫోను పికప్ కొరకు రేడియో వెనుక ఉంచిన రంధ్రములకు ఒక సెల్‌ఫోనును కలిపితిమి. మన రేడియోకు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది కనుకనే అట్లు కలుపగలిగితిమి.

తుదకు ఒక మనవి. మన గ్రంథాలయమున ఒక మూల చిన్న బల్ల వేసి, ఒక మల్టీమీటరును ఒక సీరీస్ బోర్డును ఒక నోటు పుస్తకమును ఉంచుడు. ఆదివారములలో పెద్దల సమక్షమున యువకులు అచట నేర్చుకొందురు. ఏ రేడియోకు ఏ లక్షణము కనబడినది, ఏమి కొలిచిరి, ఏమి దొరకినది అని నోటు పుస్తకమున వ్రాయవలెను. మొదటి పుటలో మన రేడియో కథను నేనే వ్రాసితిని. దానికి పైన మా తండ్రిగారి రేడియో కథను కూడ వ్రాసితిని. బాగుపడినదాని కంటె చెడినదియే ఎక్కువ నేర్పును.

మన భాషలో నిదానమనగా నెమ్మదియు, రోగకారణమును తెలిసికొనుటయు. నిదానమే ప్రధానమని మన పెద్దలన్న మాటలో ఈ విద్య యంతయు ఇమిడి యున్నది.