కొల్లేటి నీటికి కాలం పట్టు ఎంత?

(గుండుగొలను రైతు సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కొల్లేటికి నీరు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు తీస్తుంది అన్నదాని మీదే ఇక్కడి సార్వా, దాళ్వా నడుస్తాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్ళు కొల్లేట్లో పడతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వానాకాలంలో ఆ దారి చాలక నీరు వెనక్కి ఎగదన్ని చేలు మునుగుతాయి. ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోతే అదే దారిన ఉప్పునీరు పైకొస్తుంది.

"కాలాలు కాలాల్లా లేవు" అని మనమంతా అంటున్నాం. ఆ మాట అధికారుల ముందు నిలవాలంటే దానికో అంకె కావాలి. ఆ అంకె మనమే తీసుకోవచ్చు.

మూడు గేజీలు ఉన్నాయనుకోండి. రెండేళ్ళు ఏప్రిల్‌లో, అక్టోబరులో మట్టం అడుగుల్లో రాశాం. మొదటి గేజీలో ఏప్రిల్ 2, 2. అక్టోబరు 6, 6. రెండో గేజీలో ఏప్రిల్ 2, 6. అక్టోబరు 6, 2. రెండు చోట్లా సగటు 4 అడుగులే. కానీ మొదటి చోట నెల చెబితే మట్టం చెప్పెయ్యొచ్చు. అక్కడ కాలం పట్టు 1. రెండో చోట నెల చెప్పినా ఏమీ తెలియదు. అక్కడ పట్టు సున్నా. రైతును ముంచేది ఈ రెండోదే. సగటు లెక్క ఆ సంగతి చెప్పదు.

మూడో గేజీలో ఏప్రిల్ 1, 3; అక్టోబరు 5, 7. సగటు 4కూ ఒక్కో అంకెకూ ఉన్న తేడాను దానితోనే హెచ్చవేసి కూడితే 20. అంకెల బదులు ఆయా నెలల సగటు 2, 6 పెట్టి అదే లెక్క చేస్తే 16. 16ను 20తో భాగిస్తే 0.8. మట్టంలో మార్పు నూటికి 80 పాళ్ళు కాలాన్ని బట్టే వచ్చిందన్నమాట. మిగతా 20 పాళ్ళు అకాల వానదా, గండిదా, మురుగు కాలువలో పేరుకున్న గుర్రపుడెక్కదా అని అప్పుడు అడగొచ్చు.

రెండు జాగ్రత్తలు. పన్నెండు నెలల లెక్క రెండేళ్ళకే చేస్తే, కాలంతో సంబంధం లేని అంకెలకు కూడా దాదాపు 0.5 వస్తుంది. పదేళ్ళ అంకెలైతే ఆ దొంగ పట్టు 0.1 లోపుకు దిగుతుంది. అలాగే మట్టం ఏటేటా తగ్గుతూ వస్తుంటే ముందు ఆ తగ్గుదలను తీసేసి లెక్క కట్టాలి.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ కోల్వెల్ 1974లో ఇంకో తేడా చూపించారు. ఏడాదంతా ఒకే తీరున ఉండేదాన్ని ముందే ఊహించవచ్చు. కాలాన్ని బట్టి పెరిగి తగ్గేదాన్నీ ఊహించవచ్చు. రెండూ ఒకటి కావు. చేపల చెరువు మొదటి రకం, సరస్సు రెండో రకం. చేపల ఈతకూ, పక్షుల రాకకూ, మన నాట్లకూ కావలసింది రెండోది.

1999లో 5 అడుగుల కాంటూరు వరకూ అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువు గట్లు కొట్టారు. అప్పటి నుంచీ తగువంతా హద్దు గురించే. ఆ హద్దు లోపల నీరు వేళకు వస్తోందా, వేళకు పోతోందా అన్నది వెనకబడిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అందరూ కొల్లేటి వైపు చూశారు. ఒక్క వరదతో కాలం మారిందని తేల్చలేం. ఏళ్ళ తరబడి రాసిన అంకెలే తేలుస్తాయి. నారు మునిగి రెండోసారి విత్తనం కొనే కౌలు రైతుకు ఆ తేల్చడం అవసరం.

అందుకే మేము కోరేవి ఇవి. కొల్లేరు, ఉప్పుటేరు గేజీల పాత అంకెలను నెలవారీగా తెలుగులో గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టాలి. మట్టంతోపాటు ఉప్పదనం కూడా కొలవాలి. కాలువకు నీరు వదిలే తేదీ, కట్టే తేదీ ఈ అంకెలు చూసి రైతులతో కూర్చుని నిర్ణయించాలి.

మన వంతు పనీ ఉంది. ఊరికొక పుస్తకం పెట్టి, కార్తెకోసారి మట్టం రాద్దాం. చాంద్రమాన నెలలు అధిక మాసంతో ముందు వెనకలవుతాయి. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏటా ఒకే వేళకు వస్తాయి, ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. ఏడాదికి 27 అంకెలు, పదేళ్ళకు 270. వచ్చే మృగశిర నుంచే మొదలుపెడదాం.